సగం పేరు పువ్వు

మా బావ మెడ మీద గడ్డను మొదట పట్టుకున్నది డాక్టరు కాదు, మా వీధి చివరి సెలూన్ అతను. బెల్లం అమ్ముకోవడానికి అనకాపల్లి వచ్చినప్పుడల్లా బావ గడ్డం గీయించుకునేది అక్కడే. ఆ రోజు గీస్తూ గీస్తూ అతను కత్తి ఆపి, "ఇదేటి మావా, గడ్డం కింద గడ్డ?" అన్నాడట.

బావ మా ఇంటికొచ్చి ఆ మాట చెబితే నేను నవ్వాను. గడ్డం కింద గడ్డ అన్నది నాకు ముందు శబ్దంగా వినబడింది. జబ్బుగా వినబడడానికి కాసేపు పట్టింది. బడిలో పిల్లలకు తెలుగు చెప్పి చెప్పి ముదరబెట్టుకున్న రోగం ఇది. ఎవరేం చెప్పినా ముందు ప్రాస చూస్తాను, తర్వాతే పస చూస్తాను.

"మాస్టారు నవ్వేడు. అయితే పర్వానేదు," అన్నాడు బావ, చొక్కా కాలరు పైకి లాక్కుంటూ.

బావ అంటే మా అక్క మొగుడు. కోటవురట్ల దగ్గర పల్లె. సొంత చెరకు, సొంత గానుగ, సొంత పెనం. చుట్టుపక్కల రైతులు చాలామంది గడను ఫ్యాక్టరీకి తోలేసి చేతులు దులుపుకుంటుంటే, ఈయన మాత్రం ఇప్పటికీ రసం కాచి బెల్లం వండుతాడు. తన బెల్లాన్ని ఎవరైనా మాటంటే ఊరుకోడు. తనను అంటే ఊరుకుంటాడు. ఎందుకంటే తనను తనే ముందు అనేసుకుని ఉంటాడు.

అక్కకు బస్సు పడదు. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కిటికీలోంచి తల లోపలికి పెట్టదు. అందుకని ఆసుపత్రికి తోడు నేనే. విశాఖలో గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. లింఫోమా అని తేలింది. డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. "కేన్సరేనండీ, కానీ భయపడకండి. మందుకి లొంగే రకం," అన్నాడు.

బావ నావైపు తిరిగి, "మందుకి లొంగీ రకమంట. అది మా వంశంలోనే ఉంది," అన్నాడు.

డాక్టరుకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నవ్వి, ఆ మందు ఈ రోజునుంచే మానెయ్యాలన్నాడు. తర్వాత నవ్వు తీసి పక్కన పెట్టి, ఈ చికిత్స మూడేసి వారాలకోసారి చొప్పున కొన్ని విడతలు ఉంటుందనీ, మధ్యలో మాత్రం ఆపకూడదనీ చెప్పాడు. ఆపితే గడ్డ మళ్ళీ లేస్తుంది, లేచాక ఇదే మందుకు లొంగకపోవచ్చు. ఈ మాట బావకు కాదు, నా కళ్ళలోకి చూసి చెప్పాడు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు. స్టాఫ్ మీటింగుల్లో నేర్చుకున్నాను.

కీమో అనే మాట బావకు మొదట్నుంచీ కీమాగానే వినబడింది. "నన్ను కీమా కొట్టీడానికి ఇంత దూరం ఎందుకురా, మన మెయిన్ రోడ్డులో కొట్టీరా?" అని రైల్లో పెట్టె అంతటికీ వినబడేలా అడిగాడు. ఎదురు సీటులో ఉన్నావిడ తన పిల్లను దగ్గరకు లాక్కుంది.

కీమో ఎక్కించే హాల్లో వాలుకుర్చీలు వరసగా వేసున్నాయి. ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు, దానికి ఒక్కో సీసా. బావ కూర్చునే ముందు అందరి సీసాలూ తేరిపార చూశాడు. పాకం రంగు చూసి పెనం ఎప్పుడు దించాలో చెప్పే మనిషి ఆయన. ద్రవం కనబడితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసేదాకా నిద్రపట్టదు.

నర్సు సముద్రం ఒడ్డున పూడిమడక అమ్మాయి. "చెయ్యి చాపండి తాతగారూ," అంది.

"ఎవలికే తాత? ఏ ఊరమ్మా నీది?"

"పూడిమడక."

"అయితే మల్లీ వచ్చినప్పుడు ఎండుసేపలు అట్టుకురా. నేను బెల్లం తెత్తాను."

"ఆ రెండూ కలిపి తింటారేటి తాతగారూ?"

"తినం. మార్సుకుంతాం."

నేనా అమ్మాయిని సిస్టర్ అని పిలిస్తే బావ నన్ను దగ్గరకు రమ్మని చెవిలో, "నీకు సిస్టరయితే నాకేటవుతాదిరా? మీ అక్క ఇంటే కాల్లిరగ్గొడతాది," అన్నాడు. అంత హుషారుగా ఉన్నాడు. ఎర్రటి మందొకటి ఎక్కించారు. సోడాబండి మీది రంగు షర్బత్తులా ఉందన్నాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి చిన్న సిరంజి ఒకటి తెచ్చింది. అందులో ఉన్నదానికి రంగే లేదు.

"ఇదేటి, మంచినీల్లలాగుంది?"

"నీళ్ళలాగే ఉంటుంది గాని చాలా ఘాటు మందు తాతగారూ. మొక్కలోంచి తీస్తారు. బిళ్ళగన్నేరు లేదూ, దాన్నుంచి."

అప్పుడే రౌండుకొచ్చిన డాక్టరు ఆ మాట విని మా దగ్గర ఆగాడు. మందు ఏం చేస్తుందో రోగికి తెలిస్తే మంచిదని నమ్మే మనిషి కాబోలు, ఓపిగ్గా చెప్పాడు. మన ఒంట్లో ప్రతి సెల్లుకీ ఒక ఆయుష్షు ఉంటుందట. అది తీరగానే, లేదా తనలో ఏదైనా పాడైందని తెలియగానే, ఆ సెల్లు ఎవరికీ ఇబ్బంది లేకుండా తనంతట తానే చచ్చిపోతుందట. కేన్సర్ సెల్లు ఆ సంగతి మర్చిపోతుంది. చావకుండా రెండవుతూ, రెండు నాలుగవుతూ పెరిగిపోతుంది. ఈ మొక్క మందు వెళ్ళి, అది రెండుగా చీలబోయే సమయంలో అడ్డం పడుతుంది. చీలలేక మధ్యలో ఇరుక్కున్న సెల్లుకు మర్చిపోయినది గుర్తుకొస్తుంది. "అప్పుడవి సూసైడ్ చేసుకుంటాయన్నమాట," అని ముగించాడు.

"సెల్లు సచ్చిపోతే చార్జింగ్ పెడితే లెగుస్తాది కదా బావా," అన్నాను నేను.

డాక్టరు నవ్వాడు. సిస్టరు నవ్వింది. పక్క కుర్చీలో పెద్దాయన కూడా నవ్వాడు. బావ నవ్వలేదు. సూది నొప్పి అనుకున్నాను.

ఇంటి దగ్గర కొన్ని రోజులు వేసుకోమని బిళ్ళలిచ్చారు. తిరుగు రైల్లో ఆ కవరును బావ రెండు వేళ్ళతో, పాడైన చేపను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు పెట్టె అంతటితో మాట్లాడిన మనిషి వచ్చేటప్పుడు నాతో కూడా మాట్లాడలేదు. నీరసం అనుకున్నాను. ఆ రోజు నేను అనుకున్నవేవీ నిజం కాలేదు.

కొద్ది రోజులకు అక్క ఫోను చేసింది.

"ఒరే తమ్ముడా, మీ బావ బిల్లలు ఏసుకోట్లేదురా."

"మర్చిపోతున్నాడేమో అక్కా."

"మర్సిపోడం కాదు. నా ఎదట నోట్లో ఏసుకుంటన్నాడు. నేనటు తిరగ్గానే పెరట్లోకెల్లి ఉమ్మీసొత్తన్నాడు. కోడి ముక్కున కరుసుకుంటే తోలేను."

"కోడికేమైనా అయ్యిందా?"

"కోడికేటవుద్ది, అది బాగానే ఉంది. నేనేటి సెప్తన్నాను, నువ్వేటి అడుగుతున్నావు? మల్లీ పట్నం ఎల్లనంతన్నాడు. ఎందుకని అడిగితే గోడని అడిగినట్టే ఉంది. నువ్వొకసారి రారా."

రెండో విడత దగ్గర పడుతోంది. నా కళ్ళలోకి చూసి డాక్టరు చెప్పిన మాట అప్పుడు నాకు ప్రాస లేకుండా, ఒట్టి పసగా గుర్తొచ్చింది. బడికి సెలవు పెట్టి కోటవురట్ల బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి బావ పెనం దగ్గరున్నాడు. పొయ్యిలో చెరకు పిప్పి మండుతోంది. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. ఎండకు కాదని దగ్గరికెళ్ళాక తెలిసింది. కణతల దగ్గర జుట్టు లేదు. మనిషి సగమయ్యాడు. రసం మీదికి తేలిన మడ్డిని చిల్లుల గరిటెతో తీస్తూ తల ఎత్తకుండానే పలకరించాడు.

"వచ్చేవా మాస్టారూ. మీ అక్క పోను సేసిందేటి?"

"లేదు బావా. వేడి బెల్లం తిందామని వచ్చేను."

"సుగరున్నోడివి, బెల్లం కోసం వచ్చేవు. అబద్దమైనా అతకాలిరా."

అతకని అబద్ధం వదిలేసి, ఉన్నమాట అడిగాను. బిళ్ళలెందుకు ఉమ్మేస్తున్నావు? ఆసుపత్రికి ఎందుకు రానంటున్నావు? ఆయన చాలాసేపు మడ్డి తీశాడు. తీసిన చోటే తీశాడు.

"ఆ పాప సెప్పింది కదా, అది ఏ సెట్టులోంచి తీత్తారో."

"ఏ చెట్టు?"

"సెప్పింది కదా. నువ్వూ ఇన్నావు."

"బిళ్ళగన్నేరా?"

ఆ మాటకు ఆయన ముఖం ఎలా అయిందంటే, పెనంలోంచి చుక్క ఎగిరి మీద పడిందేమో అనుకున్నాను.

"మా అమ్మ ఎలాగ పోయిందో నీకు తెలుసేటి?" అన్నాడు.

"నీ చిన్నప్పుడే, కడుపునొప్పితో అని..."

"అది మీ ఇంట్లో సెప్పిన మాట. సంబందం మాటాడినప్పుడు మా సిన్నాన్న సెప్పేడు. నేను పక్కనే కూకున్నాను. అవునని తలూపేను." గరిటె ఆగింది. "నేను బడి నుంచి వచ్చీసరికి ఇంటినిండా జనం. ఎందుకలా సేసిందో అప్పుడూ ఎవలూ సెప్పనేదు, ఇప్పటికీ నాకు తెల్దు. నాకు మాత్రం ఊర్లో పేరెట్టేరు. ఫలానా సెట్టు తిన్నదాని కొడుకు అని. బడికెల్లినా అదే పేరు, పొలానికెల్లినా అదే పేరు. నాకు మీసాలొచ్చేక ఒకణ్ణి అట్టుకుని కొట్టేను. అప్పుడు మానేరు. నా ఎదట మానేరు, అంతే."

గరిటె మళ్ళీ కదిలింది.

"ఇప్పుడీ వయసులో నేను పట్నం ఎల్లి, డబ్బులిచ్చి, అదే ఒంట్లోకి ఎక్కించుకుని, దాని బిల్లలే సంచీలో ఎట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలా? మీ అక్కకి ఈ సంగతి తెల్దు. తెలిత్తే ఏటనుకుంటాది? ఆ డాక్టరు బాబు కూడా అదే మాటన్నాడు కదా. సూసైడని. అందరూ నవ్వేరు."

ఎవరు నవ్వించారో ఆయన అనలేదు. అనకపోవడం బావ మర్యాద.

మాటలతో బతికేవాణ్ణి. ఆ పూట నాకు దొరికింది వ్యాకరణం ఒక్కటే. "బావా, అది గన్నేరు కాదు. బిళ్ళగన్నేరు," అన్నాను.

"అదే కదరా నేనూ అనీది! బిల్లలు, ఆ సెట్టువి!"

అప్పుడు వెలిగింది నాకు. నర్సు ఒక్క మాటగా చెప్పింది. బావ రెండుగా విన్నాడు. బిళ్ళ ఒకటి, గన్నేరొకటి. పైగా చేతికి నిజంగానే బిళ్ళలిచ్చారాయె. సమాసం తప్పుగా విడదీస్తే మార్కులు పోతాయని పిల్లలకు చెబుతుంటాను. ప్రాణాలు పోతాయని ఎప్పుడూ చెప్పలేదు.

ఒక్కొక్కటే విప్పి చెప్పాను. ఇంటికిచ్చిన బిళ్ళలు వేరే మందు, వాటికీ ఏ చెట్టుకీ సంబంధం లేదు. మొక్కలోంచి తీసేది ఆ చిన్న సిరంజిలోది. ఆ మొక్క కూడా నువ్వనుకుంటున్న చెట్టు కాదు. మోకాలెత్తు కూడా లేవని మొక్క. పువ్వు బిళ్ళలా గుండ్రంగా, చదునుగా విచ్చుకుంటుంది కాబట్టి ఆ పేరొచ్చుంటుంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన మనుషులు ఒకటవుతారా?

ఇక్కడ ఒక సంగతి మింగేశాను. వచ్చేటప్పుడు బస్సులో ఊసుపోక ఆ మందు మొక్క గురించి ఫోనులో చదివితే, దానిదీ గన్నేరుదీ వృక్షశాస్త్రంలో ఒకటే కుటుంబమని ఉంది. నేను ఇంటిపేరుతో ఆపేశాను.

"అయితే సూపించు," అన్నాడు బావ.

ఫోనులో బొమ్మ చూపిస్తే అటు తిప్పి ఇటు తిప్పి, "బొమ్మలో అన్నీ బాగానే ఉంతాయి. మొక్క సూపించు," అన్నాడు. కానీ పాకం దిగేదాకా అక్కణ్ణుంచి కదలడు. పెనం దించి, పాకం గుంటలో పోసి, కలియబెట్టి, దిమ్మలకు ఎత్తేదాకా నేను గట్టు మీద కూర్చున్నాను. దించిన ముద్ద కొంచెం ఆకులో పెట్టి ఇచ్చాడు. "తిను. అబద్దం నిజం సేసుకో."

ఇంటికి నడిచాం. పెరట్లో నీళ్ళ కుళాయి పక్కన గోడ వారగా మొక్కలున్నాయి, గులాబీ రంగువీ తెల్లవీ, ఒళ్ళంతా పూలతో. అక్క కుళాయి కింద గిన్నెలు తోముతోంది. నేను వేలు పెట్టి చూపించాను.

"ఇదే బావా."

"ఇదేటి? ఇది బిల్లపువ్వు కదరా," అన్నాడు బావ. "రోజూ పొద్దున్నే కోసి దేవుడి కాడ ఎడతాను. మీ అక్క కాపరానికొచ్చిన కొత్తలో ఎక్కడినుంచో తెచ్చి ఏసింది. దీన్ని బిల్లపువ్వంటారు."

బిళ్ళపువ్వు అనే మాట నేను ఎక్కడా వినలేదు. అక్క పుట్టిన ఇల్లే నేను పుట్టిన ఇల్లు. మా పెరట్లోనూ ఈ మొక్కలుండేవి. మా అమ్మా, అక్కా, అందరూ పూర్తి పేరుతోనే పిలిచేవారు. నేను అక్కవైపు చూశాను. అక్క గిన్నెలోకి చూస్తోంది. తోముతున్న చెయ్యి ఆగిపోయి ఉంది. కుళాయి కారుతూనే ఉంది.

"సగమే సెప్పేను," అంది చివరికి.

"ఏటి?"

"దాని పేరు. సగమే సెప్పేను మావా. మిగతా సగం ఈ ఇంట్లో ఎప్పుడూ అనలేదు."

బావకు అర్థమైంది. మెట్టు మీద కూర్చున్నాడు. "నీకు తెలుసేటి?"

"మీ మేనత్త సెప్పింది. నేనొచ్చిన వారం తిరక్కుండానే. ఆ పిల్లాడి ఎదట ఆ సెట్టు పేరెత్తకమ్మా, తట్టుకోలేడు అని." అక్క గిన్నె కింద పెట్టి చేతులు చీరకు తుడుచుకుంది. "నాకేమో ఈ పువ్వంటే ఇష్టం. మొక్కని ఒదల్లేను, పేరుతో పిలవలేను. ఏటి సెయ్యాల? అందుకని తోక కోసీసేను."

"మరి నాకెందుకు సెప్పనేదు, తెలుసని?"

"నాక్కూడా నువ్వు కడుపునొప్పనే సెప్పేవు కదా. నువ్వంత కట్టపడి సెప్పిన మాటని నేను కాదంటానేటి?"

నేను అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలనుకున్నాను. కానీ వెళ్ళాలంటే వాళ్ళిద్దరి మధ్యనుంచే దారి. అందుకని కోడిని చూస్తూ నిలబడ్డాను. అది నిజంగానే బాగానే ఉంది. బావ తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తువ్వాలుకు అంటుకొచ్చిన వెంట్రుకలు చూసి దాన్ని మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. వాళ్ళమ్మ ఎలా పోయిందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు తెలియనట్టే కాపురం చేశారు. మధ్యలో ఆ మొక్క మాత్రం సగం పేరుతోనే పూస్తూ ఉంది.

నేను ఏదో అనేలోపు మా అక్క అందుకుంది. ఆమె ఊరికే కూర్చోలేని మనిషి. చేతికి పని కావాలి.

"అయితే ఈ మొక్కేనా ఆ మందు? పెరట్లో ఎట్టుకుని పట్నం ఎందుకెల్తన్నారు మరి? గుప్పెడు ఆకు నూరి కసాయం కాసిచ్చీనా?"

ఆ ఆకు పచ్చిది తింటే ఒంటికి చేటు. పైగా బండ్లకొద్దీ ఆకులోంచి మందు చిటికెడు కూడా రాదని చదివాను. వద్దని చెప్పబోయాను. బావ చెప్పనివ్వలేదు.

"కసాయమా? గడ నమిల్తే బెల్లమవుద్దేటే? దానికి గానుగాడాల, పెనమెక్కాల, సున్నం పడాల, మడ్డి తియ్యాల, పాకం సూడాల. ఒక్కటి తేడా వచ్చినా బెల్లం కాదు, బురదవుద్ది. ఆకు నూరితే మందైపోద్దా?"

"మరి దానికి గానుగెక్కడుంది?"

"ఎక్కడో ఉంది! పేక్టరీలో ఉంది. తీసినోడు తీసేడు, తూసినోడు తూసేడు. ఆసుపత్రిలో ఇత్తన్నారు కదా! ఎల్లి ఎక్కించుకోవాల గాని..."

అక్కడ ఆగాడు. తన నోట్లోంచి వచ్చిన మాట తనే విన్నాడు. మా అక్క గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఏమీ ఎరగనట్టు, "అదే కదా నేనూ అడిగీది," అంది.

ఆమె నిజంగానే కషాయం కాద్దామనుకుందో, లేక మొగుణ్ణి మాటల్లో గానుగాడేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే ఒకసారి ఒకటి చెబుతుంది, ఇంకోసారి ఇంకోటి.

అక్కడినుంచే డాక్టరుకు ఫోను చేశాను. తప్పిపోయిన బిళ్ళలు తప్పిపోయినట్టే, అన్నీ కలిపి ఒకేసారి మాత్రం మింగించొద్దు, రోజు తప్పకుండా తీసుకురండి అన్నాడు. బావ పక్కనే నిలబడి విన్నాడు. వస్తాననలేదు. రాననీ అనలేదు. నేను బస్సెక్కేటప్పుడు మాత్రం, "ఏ రైలురా?" అన్నాడు.

రెండో విడత రోజు అనకాపల్లి స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఆయన కనబడేదాకా నా ప్రాణం నిలవలేదు. వచ్చాడు, భుజాన సంచీతో. సంచీలో నర్సుకు బెల్లం. రైల్లో ఎవరితోనూ మాట్లాడలేదు. కీమా ఊసే లేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర చెప్పు వదిలినట్టు వదిలి మళ్ళీ తొడుక్కుని, ఆ వంకన కాసేపు నిలబడ్డాడు. నేనేమీ అనలేదు. అనకుండా ఉండడం ఈ మధ్యే నేర్చుకుంటున్నాను.

రక్తపరీక్ష అయింది. ఎర్రమందు అయింది. పూడిమడక అమ్మాయి చిన్న సిరంజి తీసుకొచ్చింది. బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒక్క నిమిసం అమ్మా," అని నావైపు తిరిగాడు. "మాస్టారూ, నిజం సెప్పు. ఇదీ, ఆ సెట్టూ... సుట్టాలేనా?"

ఇంటిపేరు మాట నమ్మలేదన్నమాట. ఇప్పుడు అబద్ధమాడితే అతకదు. నిజం చెబితే లేచి వెళ్ళిపోవచ్చు. ఆ అమ్మాయి సిరంజి పట్టుకుని నా ముఖమే చూస్తోంది.

"చుట్టాలే బావా. ఒకే కుటుంబం," అన్నాను.

బావ ఆ సిరంజి వంక చూశాడు. నా వంక చూశాడు.

"ఉంతారు. సుట్టాలన్నాక అందరూ ఒకలాగే ఉంతారేటి? నిన్నూ మీ అక్కనీ సూడనేదూ," అన్నాడు. చెయ్యి చాపాడు. "కానీ అమ్మా. ఏటన్నావు దీన్ని? బిల్ల..."

"బిళ్ళగన్నేరు తాతగారూ."

"బిల్లగన్నేరు," అన్నాడు బావ. మొత్తం అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు.

మందు నెమ్మదిగా లోపలికి వెళుతోంది. ఆ అమ్మాయి సిరంజి తొయ్యడం మీదే కళ్ళు పెట్టింది. కొంచెం సేపటికి కళ్ళు తెరవకుండానే బావ మాట్లాడడం మొదలుపెట్టాడు. నాతోనో, ఆ అమ్మాయితోనో, కుర్చీతోనో తెలియలేదు.

"మా అమ్మ గవ్వలాట ఆడేది. నాతోనే. మజ్జానం పనయ్యాక అరుగు మీద ముగ్గుపిండితో గళ్ళు గీసేది. దొంగాట ఆడేదమ్మా. నేనటు సూసీలోపు తన కాయి రెండు గళ్ళు ముందుకు జరిపీసేది. పట్టుకుంటే, గాలికి జరిగిందిరా అనీది. చింతగింజ గాలికి జరుగుద్దేటి?"

ఇన్నేళ్ళలో వాళ్ళమ్మ చావు గురించి కాకుండా వాళ్ళమ్మ గురించి ఆయన మాట్లాడగా వినడం అదే మొదలు. అక్క కూడా విని ఉండదు. ఒకసారి ఆయన అలిగి గవ్వలు బావిలో పారేశాడట. ఆవిడ తిట్టలేదట, కొట్టలేదట. మర్నాడు చీర కొంగులోంచి కొత్త గవ్వలు తీసి, "నిన్నటి ఆట ఇంకా అవ్వలేదు, కూకో," అందట. ఆవిడ చివరి గడిలోకి రావడానికి ఎన్ని గవ్వలు పడాలో, ఆయన కాయి ఎక్కడుందో, అంతా చేత్తో గాలిలో గీసి చెబుతున్నాడు. సూది ఉన్న చెయ్యి కదపొద్దని ఆ అమ్మాయి ఆ చేతిని మెత్తగా పట్టుకుంది. రెండో చెయ్యి ఆడుతూనే ఉంది. పక్క కుర్చీలో పెద్దాయన తల ఇటు తిప్పి వింటున్నాడు.

సిరంజి ఎప్పుడో ఖాళీ అయింది. ఆ అమ్మాయి కాసేపు ఆగి చూసింది. ఇంకో కుర్చీలోంచి ఎవరో పిలుస్తున్నారు.

"అయిపోయింది తాతగారూ. సూది తీసేస్తాను," అంది.

బావ కళ్ళు తెరిచాడు.

"ఉండమ్మా. మా అమ్మ ఇంకా గెలవనేదు."